నాన్నకి 72 ఏళ్లు, పీఎస్‌ఏ 5.8: నేరుగా బయాప్సీయేనా?

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఆగస్టులో హెల్త్ క్యాంపులో నాన్నకి అడక్కుండానే పీఎస్‌ఏ (ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానం ఉందేమో చూసే రక్తపరీక్ష) కూడా తీశారు: 5.8. మూత్రం ఇబ్బందేమీ లేదు, రాత్రి ఒక్కసారే లేస్తారు. రోజూ రొయ్యల చెరువుకి సైకిల్ మీదే వెళ్తారు. అంకె పెరగడానికి ఆ సైకిలే కారణమేమోనని, ఆరు వారాల తర్వాత మూడు రోజులు సైకిల్ మాన్పించి మళ్లీ తీయిస్తే 5.5. యూరిన్ కల్చర్‌లో ఇన్ఫెక్షన్ లేదు.

భీమవరంలో ఒక డాక్టరుగారు వెంటనే బయాప్సీ అన్నారు, రాజమండ్రిలో ఇంకొకరు ఆర్నెల్లు ఆగి చూద్దామన్నారు. అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ (ముందస్తు పరీక్షలపై సలహాలిచ్చే నిపుణుల బృందం) అయితే 2018లో 70 దాటినవాళ్లకి ఈ స్క్రీనింగే వద్దంది. సరే, అంకె చేతికొచ్చేశాక ఏం చేయాలి? నాన్న ఆ రిపోర్టు మడతపెట్టి చొక్కా జేబులోనే పెట్టుకు తిరుగుతున్నారు.

70 దాటి, లక్షణాల్లేకుండా ఇలాంటి అంకె వచ్చినవాళ్లు మీ ఇంట్లో ఉంటే, బయాప్సీకి ముందు ఎమ్మారై తీయించారా?