పెద్ద చేపను పట్టి తీసుకుపోవడమా, పట్టి వదిలేయడమా: సరిహద్దు జిల్లాల మనవాళ్ల అనుభవాలు

కొలాబ్ ఒడ్డు (జయపురం):

ఒడిశాలోని జయపురం, కోరాపుట్, సునాబేడ ప్రాంతాల్లో గాలం వేయడాన్ని సరదాగా పెట్టుకున్న తెలుగువారు ఈ మధ్య బాగా పెరిగారు. సెలవు రోజుల్లో ఎగువ కొలాబ్ జలాశయానికీ, జలాపుట్‌కూ విశాఖ, విజయనగరాల నుంచి కూడా రీలు కర్రలు పట్టుకొని వస్తున్నారు. వీరిలో కొందరు పెద్ద బొచ్చె పడితే దాన్ని పదిమందికీ చూపించి ఇంటికి తీసుకుపోతారు. మరికొందరు ఫొటోలు దిగి నీటిలో వదిలేస్తారు. వదిలేవారు మొదటివారిని హంతకులను చూసినట్టు చూస్తారు. మొదటివారేమో, తినని చేపను పట్టి హింసించడం ఏం ధర్మమని అడుగుతారు. ఒడ్డున ఈ వాదన చాలాసార్లు విన్నాను, చివరకు మాటా మాటా పెరగడమే తప్ప ఎప్పుడూ తేలలేదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ రెండు పద్ధతుల మధ్య మనం అనుకుంటున్నంత దూరం లేదు. 1946లో కబిని నదిలో 120 పౌన్ల మహాశీర్ అనే నది చేపను పట్టిన డి వెట్ వాన్ ఇంగెన్, మైసూరులో జంతువుల చర్మాలను నింపి బొమ్మలుగా నిలిపే వృత్తికి పేరుపడ్డ కుటుంబంవాడు. ఆ రోజుల్లో పెద్ద చేప గొప్పతనం గోడ మీద కనిపించేది, ఇప్పుడు ఫోనులో కనిపిస్తున్నది. చూపించుకోవడానికే చేపను పడుతున్నామన్న సంగతి మాత్రం మారలేదు. అందువల్ల ‘వదిలేశాను’ అన్నంత మాత్రాన ఎవరూ పుణ్యాత్ములు కారు. వదిలిన చేప బతికిందా, ఎలాంటి స్థితిలో నీటిలోకి వెళ్లింది అని అడగాలి. మీ మీ నీళ్లలో మీరు చూసింది చెప్పండి.

ప్రాణహిత తీరం (సిరొంచ):

మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహితగా మారి, సిరొంచ దగ్గర గోదావరిలో కలుస్తుంది. అవతలి ఒడ్డున కాళేశ్వరం. మా దగ్గర చేప అంటే ముందుగా వల వేసి బతికే కుటుంబాల జీవనాధారం, సరదా ఆ తరువాతి మాట. వాలుగ పడినా, రాగండి పడినా దాన్ని అమ్మితేనే ఆ పూట ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఆ కుటుంబాల ఎదుటే బయటి నుంచి వచ్చిన వ్యక్తి పెద్ద వాలుగను పట్టి, ముద్దుపెట్టుకొని, ఫొటో దిగి వదిలేస్తే, పెద్దవాళ్లు దాన్ని అన్నంతో ఆడుకోవడంగానే చూస్తారు. వారి కోపాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం నాకు ఏమాత్రం నచ్చదు. ఆకలికి చేపను చంపేవాడికి దాన్ని వృథా చేయకూడదన్న నియమం తరతరాలుగా ఉంది.

ఇంకొక విషయం. ఏప్రిల్, మే నెలల్లో ప్రవాహం సన్నబడి, చేపలన్నీ లోతు మడుగుల్లోకి చేరుతాయి. అక్కడ గాలం వేస్తే సులువుగా పడతాయి కాబట్టి సరదా కోసం వచ్చేవారు సరిగ్గా అప్పుడే వస్తారు. ఆ ఎండల్లో చాలాసేపు లాగి లాగి అలసిపోయిన చేపను వదిలితే, అది తోక కదుపుతూ మునిగిపోవడం చూసి చప్పట్లు కొడతారు. మరుసటి రోజు ఉదయం మడుగు దిగువన వెల్లకిలా తేలిన చేపలను వల వేసే వాళ్లే ఎక్కువగా చూస్తారు. చప్పట్లు కొట్టినవారు అప్పటికి ఊరు దాటి ఉంటారు.

గుణుపురం మాస్టారు (రాయగడ జిల్లా):

సిరొంచవారు చెప్పినదానికి కారణాలు ఉన్నాయి. జంతుశాస్త్రం బోధించిన అనుభవంతో కొంచెం వివరంగా రాస్తాను.

గాలానికి చిక్కిన చేప తన శక్తినంతా పెట్టి పెనుగులాడుతుంది. కండరాలకు ఆక్సిజన్ చాలక లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, రక్తం ఆమ్లగుణంలోకి జారుతుంది. ఈ స్థితిలో దానికి అత్యవసరమైనది మొప్పల గుండా పారే నీరు. మనమేమో సరిగ్గా ఆ క్షణంలోనే దాన్ని గాలిలోకి ఎత్తుతాం. నీరు లేకపోతే మొప్పల్లోని సన్నని పొరలు ఒకదానికొకటి అంటుకుపోయి, ఆక్సిజన్ అందే దారి దాదాపు మూసుకుపోతుంది. 1992లో కెనడా శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో రెయిన్‌బో ట్రౌట్ చేపల మీద ఒక ప్రయోగం చేశారు. పూర్తిగా అలసిపోయేలా చేసి నీటిలోనే ఉంచిన చేపల్లో 12 శాతం చనిపోయాయి. అలసిన తరువాత 30 సెకన్లు గాలిలో ఉంచినవాటిలో 38 శాతం, 60 సెకన్లు ఉంచినవాటిలో 72 శాతం చనిపోయాయి. నదిలో అన్ని జాతుల చేపలకూ ఇదే లెక్క వర్తిస్తుందని నేను అనను. అయితే నిమిషం సేపు ఫొటోలు దిగడం చేపకు ఎంత పెద్ద విషయమో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఎండాకాలం సంగతి కూడా ఇందులోనే ఉంది. 20 డిగ్రీల వేడిమి ఉన్న మంచినీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు, 30 డిగ్రీల దగ్గర అది ఏడున్నరకు పడిపోతుంది. నీరు వేడెక్కినకొద్దీ చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, దొరికేది తగ్గుతుంది. అందుకే మే నెల మధ్యాహ్నం వదిలిన చేపకూ, డిసెంబరు ఉదయం వదిలిన చేపకూ బతికే అవకాశం ఒకటి కాదు.

చేతితో పట్టే తీరు కూడా ముఖ్యం. చేప ఒంటి మీది జిగురు దానికి రక్షణ కవచం. పొడి చేతులతోనో, తువ్వాలుతోనో, ముడులున్న నైలాను వలతోనో పట్టితే ఆ జిగురు ఊడి, అక్కడ బూజు తెగులు పడుతుంది. మొప్పల్లో వేళ్లు దూర్చి నిలువుగా వేలాడదీస్తే బరువైన చేపకు లోపలి అవయవాలు, దవడ దెబ్బతింటాయి. వదలదలచుకున్నవారు, కొన పక్కన వెనక్కి తిరిగి ఉండే ముల్లును నొక్కేసిన గాలం వాడాలి. చేతులు తడుపుకోవాలి. చేపను నీటిలోనే ఉంచి, గాలం అక్కడే తీయాలి. గాలం గొంతులోకి దిగి ఉంటే లాగకుండా దారం దగ్గరగా కత్తిరించి వదలడమే మేలు.

రాయగడ వాసి:

మాస్టారూ, మీరు చెప్పినవన్నీ పాటించినా నా ప్రశ్న అలాగే మిగులుతుంది. తినే ఉద్దేశం లేనప్పుడు ఆ ప్రాణి నోట్లో ఇనుము దించే హక్కు మనకు ఎక్కడిది? చేప అరవలేదు కనుక దానికి నొప్పి లేదని చాలామంది నమ్ముతారు. 2003లో లిన్ స్నెడన్ అనే శాస్త్రవేత్త బృందం ట్రౌట్ చేపల తలభాగంలో నొప్పిని గ్రహించే నరాలున్నాయని చూపించింది. పెదవుల్లోకి తేనెటీగ విషమో, ఎసిటిక్ ఆమ్లమో ఎక్కించినప్పుడు అవి మేత మానడం, పెదవులను తొట్టి అడుగున రాళ్లకు రుద్దుకోవడం గమనించింది. దీని అర్థం మీద శాస్త్రవేత్తల మధ్య ఇంకా వాదన ఉందని నాకు తెలుసు. సందేహం ఉన్నచోట ప్రాణి పక్షానే నిలవాలన్నది నా భావన.

స్విట్జర్లాండ్‌లో వదిలేయాలన్న ఉద్దేశంతోనే చేపలు పట్టడాన్ని చట్టం నిషేధించింది. జర్మనీ జంతు సంరక్షణ చట్టం ప్రకారం సహేతుకమైన కారణం లేకుండా వెన్నెముక ఉన్న జంతువుకు బాధ కలిగించడం నేరం. తినడం అక్కడ కారణంగా నిలుస్తుంది, వినోదం మాత్రమే అయితే నిలవదు. అంటే మనం ఇక్కడ దయగా భావిస్తున్నదాన్ని అక్కడ క్రూరత్వంగా లెక్కిస్తారు. పట్టితే తిను, తినకపోతే పట్టకు. నాకు ఇదే సరైన మాటగా తోస్తుంది.

కొలాబ్ ఒడ్డు (జయపురం):

రాయగడవారి మాటలో నిజాయితీ ఉంది. అయినా పట్టిన ప్రతి చేపనూ తినాలన్న నియమాన్ని మన నదుల్లో పెడితే, మొదట మాయమయ్యేవి పెద్ద తల్లి చేపలే. మన బొచ్చె, రాగండి, మోసు జాతులు కిలో బరువుకు లక్షకు పైగా గుడ్లు పెడతాయి. బరువు పెరిగినకొద్దీ గుడ్లూ పెరుగుతాయి కనుక, వానాకాలం కొత్తనీటికి ఎదురెక్కే ఒక పెద్ద బొచ్చెను చంపడం, అదే బరువుకు సరిపడా లేత చేపలను తినడం ఒకటి కావు. పెద్దదాన్నే కోరి పట్టే సరదాలో నాకు కనిపించే అసలు దోషం ఇదే. మహాశీర్ విషయంలో ఇది ఇంకా తీవ్రం, ఎందుకంటే అది గుడ్లు తక్కువగా పెడుతుంది, నెమ్మదిగా ఎదుగుతుంది.

కావేరి కథ కూడా ఇక్కడ చెప్పాలి. కర్ణాటకలో ఆ నది ఒడ్డున గాలిబోరె వంటి శిబిరాల్లో పట్టి వదిలే పద్ధతి ఏళ్ల తరబడి నడిచింది. అక్కడివారు ప్రతి చేప జాతినీ, బరువునూ పుస్తకంలో రాసిపెట్టారు. మూపురం ఉన్న కావేరి మహాశీర్ దాదాపు అంతరించిపోతున్నదని తరువాత శాస్త్రవేత్తలు గుర్తించింది ఆ లెక్కల సాయంతోనే. 2018లో దాన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. అయితే అదే లెక్కలు ఇంకొక నిజాన్నీ బయటపెట్టాయి. చేపలు తగ్గుతున్నాయని సదుద్దేశంతో, మహారాష్ట్రలోని లోనావలాలో, చేపపిల్లలను పొదిగించే హేచరీలో పెంచిన నీలిరెక్కల మహాశీర్ పిల్లలను కావేరిలో వదిలారు. అవి విస్తరించి, స్థానిక జాతిని పక్కకు నెట్టాయి. గాలం పట్టేవారి ప్రేమ ఒక నదికి మేలూ చేసింది, కీడూ చేసింది. ఈ మాట రాస్తున్నప్పుడు నాకు నిజంగా బాధగానే ఉంది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

అందరూ నది చేపల గురించి రాశారు. మా వైపు చెరువుల్లో జరిగేది వేరు. కొర్రమీను తన పిల్లలను కాపాడుకునే చేప. జూలై, ఆగస్టు నెలల్లో తామరాకుల మధ్య నీటి పైపొర మీద ఎర్రని పిల్లల గుంపు కదులుతూ కనిపిస్తుంది. గుంపంతా ఒక్కసారిగా పైకి వచ్చి గాలి తీసుకున్నప్పుడు నీరు సన్నగా ఉడుకుతున్నట్టు ఉంటుంది. దాని అడుగునే పెద్ద కొర్రమీను ఉంటుంది. ఆ గుంపు మధ్యలో రబ్బరు కప్ప బొమ్మను పడేస్తే, అది ఆకలితో కాకుండా, పిల్లలకు ఆపద వచ్చిందన్న కోపంతో వచ్చి కరుస్తుంది. ఈ సంగతి తెలిసినవారు ఎర్ర గుంపు కోసమే చెరువు గట్టు వెంట తిరుగుతారు.

పట్టి వదిలేవారు కూడా ఇలాగే పట్టి, ‘మళ్లీ పిల్లల దగ్గరికే వదిలాను కదా’ అంటారు. ఉత్తర అమెరికాలో గూడు కాపలా కాసే బాస్ చేపల మీద జరిగిన పరిశోధనల్లో, మగచేపను గూటి నుంచి తీసిన కొద్ది నిమిషాల్లోనే ఇతర చేపలు వచ్చి గుడ్లనూ, పిల్లలనూ తినడం చూశారు. కొన్ని చేపలు తిరిగి వచ్చినా గూటిని వదిలేశాయి. మా చెరువుల్లో జెల్లలు, ఇతర చేపలు ఆ పని చేయవని ఎలా అనుకోగలం? కొర్రమీను గాలిని పీల్చుకోగలదు కనుక ఒడ్డున కొంతసేపు ఉన్నా చావదు, దానికేమీ కాలేదనిపిస్తుంది. పోయేవి పిల్లలు, అవి ఫొటోలో కనిపించవు. ఆ గుంపు కనిపించినప్పుడు గాలం తీసి పక్కకు వెళ్లడం ఒక్కటే న్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

గోపాలపురం అల (గంజాం):

సముద్రం వైపు మాట కొంచెం చెబుతాను. మా తీరంలో తెలుగు మాట్లాడే నోలియా మత్స్యకార కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. వారి తెప్పకు కొమ్ముకోనాం పడితే అది బజారుకు వెళుతుంది, అందులో తప్పుపట్టేది ఏమీ లేదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట విరామ కాలంలో ఆ కుటుంబాలు ఎంతో ఇబ్బంది పడుతున్నాయి. చేప గుడ్లు పెట్టే కాలమని బతుకుతెరువునే ఆపుకుంటున్నవారి ముందు, సరదా కోసం పట్టేవారు తమ సరదాకు విరామం లేదనడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

ఇంకొకటి. లోతు నీటి నుంచి వేగంగా పైకి లాగిన చేపకు, నీటిలో తేలడానికి తోడ్పడే గాలితిత్తి ఉబ్బి, కళ్లు బయటకు వస్తాయి. దాన్ని అలాగే వదిలితే కిందకు దిగలేక పైనే తేలి, పక్షుల పాలవుతుంది. అలాంటి చేపను వదలడం దయ కాదు, ఇంటికి తీసుకుపోయి వండుకోవాలి.

ప్రాణహిత తీరం (సిరొంచ):

గోపాలపురంవారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. రాయగడవారికి ఒక్క మాట: సంబల్‌పూర్ జిల్లా హుమా గుడి దగ్గర మహానదిలో చేపలను ఎవరూ పట్టరు, భక్తులు మేత వేస్తారు. మీరు కోరే ధర్మం అక్కడ నడుస్తున్నది, అందుకే పెద్ద చేపలను అక్కడ కళ్లారా చూడవచ్చు. ప్రతి నదిలోనూ కొన్ని మడుగులను అలా వదిలేసి, మిగతాచోట తినేవారికి తినే హక్కు ఉంచితే, మా వల కుటుంబాలు కూడా ఒప్పుకుంటాయి. మడుగులో మిగిలిన తల్లి చేపల పిల్లలే వానాకాలంలో వారి వలలోకి వస్తాయని వారికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

కొలాబ్ ఒడ్డు (జయపురం):

ఇక్కడ వచ్చిన మాటలను మా ఒడ్డుకు వచ్చేవారి ముందు పెట్టదలచుకున్నాను. మే నెలలో పగటి పూట, జూలై, ఆగస్టుల్లో పూర్తిగా గాలం వేయవద్దని, వదిలే చేపను నీటి నుంచి పైకి ఎత్తవద్దని, ఫొటో కావాలంటే చేప నీటిలో ఉండగానే తీసుకోమని చెబుతాను. ఇంటికి తీసుకుపోయేవారిని కూర వరకే, నడితరం చేపలే తీసుకోమంటాను. మాస్టారూ, ఒక సందేహం మిగిలింది: అలసిపోయిన చేపను ప్రవాహానికి ఎదురుగా పట్టుకోవాలని కొందరు, ముందుకూ వెనక్కూ ఊపాలని కొందరు అంటున్నారు. జలాశయంలో ప్రవాహమే ఉండదు కదా, అక్కడ ఏం చేయాలి?

గుణుపురం మాస్టారు (రాయగడ జిల్లా):

వెనక్కు ఊపవద్దు. నీరు నోటి నుంచి మొప్పల వైపు పారాలి, వెనక్కు లాగితే ఆ దారి తలకిందులవుతుంది. నిలిచిన నీటిలో చేపను పొట్ట కింద తడి చేతితో ఆనించి, వెన్ను పైకి, తల ముందుకు ఉండేలా నెమ్మదిగా ముందుకే నడిపించండి, మలుపు తిప్పి మళ్లీ ముందుకే రండి. మొప్పల కదలిక క్రమంగా ఉండి, తోకతో మీ చేతిని గట్టిగా తోసినప్పుడు వదలండి. ఎంతసేపటికీ తోయకపోతే, దాన్ని తీసుకుపోయి తినండి.