సంగటిలో రాయి మింగేస్తే?

ప్రశ్న (తిరుపతి): ఏడేళ్ల పాప సంగటి ముద్దతో పాటు నూకల్లోని కందిగింజంత రాయి మింగేసింది. నొప్పేం లేదు. అరటిపండ్లు పెట్టి తోసేయమంటా ఉండారు. ఆస్పత్రికి పోవాల్నా?

జవాబు 1: అంత చిన్న రాయి మామూలుగా నాలుగైదు రోజుల్లో దొడ్డికి వచ్చేస్తుంది. రోజూ తినేదే పెట్టండి. అరటిపండ్లు కుక్కొద్దు, వాంతి చేయించొద్దు, విరేచనాల మందూ వద్దు.

జవాబు 2: మింగిన వెంటనే దగ్గు పట్టిందా? ఊపిరిలో పిల్లికూత వస్తా ఉందా? అట్లయితే ఊపిరిగొట్టంలోకి పోయుండచ్చు. అదే రాయి కాకుండా చెనక్కాయ గింజైతే ఎక్స్‌రేలో కనపడదు కూడా. అట్లా దగ్గు, పిల్లికూత ఉన్నా, చొంగ కారినా, గుటక పడకపోయినా, కడుపునొప్పితో వాంతులైనా, విరేచనం తారులా నల్లగా వచ్చినా ఆ పూటే రుయా ఆస్పత్రికి తీసుకుపోండి.

జవాబు 3: మింగింది వాచీల్లో వేసే బిళ్ల బ్యాటరీ అయితే మాత్రం ఈ లెక్కలేవీ పనికిరావు. అన్నవాహికలో ఇరుక్కుంటే 2 గంటల్లోనే కాల్చేస్తుంది. కాచుకోకుండా 108కి ఫోన్ కొట్టండి.