హాలుకి లక్షన్నర: సీలింగూ ప్యానెళ్లా, లైట్లూ తెరలా?

కృష్ణలంక_వాణి
మాది విజయవాడలో పాత అపార్టుమెంటు, సొంత ఫ్లాటు. హాలు 12 బై 18. శ్రావణంలో అమ్మాయి ఓణీల ఫంక్షన్ ఇంట్లోనే చేస్తున్నాం. ఆలోపు హాలు చూడగానే రిచ్‌గా ఉందనిపించాలి. లక్షన్నర దాటితే మా వల్ల కాదు. ఇంటీరియర్ ఆయన జిప్సమ్ సీలింగు, టీవీ గోడకి చార్‌కోల్ ప్యానెళ్లు, మిగతా గోడలకి మార్బుల్ డిజైను పీవీసీ షీట్లు, చిన్న టీవీ యూనిట్ అన్నారు. డబ్బంతా వాటికే పోతుంది. మా ఆడపడుచేమో లైట్లూ తెరలూ మార్చి, మిగిలింది బ్యాంకులో వేసుకో వదినా అంటోంది. ఇద్దరూ గట్టిగానే చెప్తున్నారు. బాల్కనీ పక్క గోడకి కాస్త చెమ్మ కూడా ఉంది. మీరైతే ఏం చేస్తారు?

సీతమ్మధార_ఆర్కిటెక్ట్
వాణిగారూ, చెమ్మ గోడ మీద పీవీసీ షీటు అసలు వేయించకండి. షీటు వేస్తే మచ్చ కనపడదు, అంతే. గోడ ఆరదు, వెనకాల బూజు పడుతుంది, సిమెంటు గుల్లబారుతుంది. నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో పట్టుకుని దాన్ని ఆపడం మొదటి ఖర్చు.

రెండోది సీలింగు. జాతీయ భవన నియమావళి ప్రకారం నివాసపు గదికి కనీస ఎత్తు 2.75 మీటర్లు, అంటే సుమారు తొమ్మిది అడుగులు. పాత ఫ్లాట్లలో ఎత్తు అంతకంటే పెద్దగా ఎక్కువుండదు. లైట్లు దూర్చడానికి మరో నాలుగైదు అంగుళాలు కిందికి దింపితే గది ఇరుకైనట్టే ఉంటుంది. నా అభిప్రాయం మీ ఆడపడుచుగారిదే. మన ఇళ్లలో ట్యూబులైట్లు ఎక్కువగా 6500 కెల్విన్ తెలుపు. వాటి కింద ఎంత మంచి చెక్కయినా, పట్టుచీరైనా పాలిపోయి కనిపిస్తుంది. 2700 నుంచి 3000 కెల్విన్ ఉండే వెచ్చటి పసుపు కాంతి బల్బులు తీసుకోండి, అట్టపెట్టె మీద సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 పైన ఉండేలా చూడండి. ఒకే లైటు నడినెత్తిన కాకుండా సోఫా పక్కన ఒకటి, మూలన ఒకటి, టీవీ వెనక ఒకటి పెట్టండి. పిల్లలు చదువుకునే చోట మాత్రం తెల్ల లైటు ఉంచుకోండి.

బాలానగర్_ప్యానెల్స్
నేను చేసేది ఈ పనే, అందుకే చెప్తున్న. ప్యానెళ్లంటే చౌకబారు అని చదువుకున్నోళ్లు తేల్చేస్తరు. వాళ్ల ఇండ్లల్ల గోడలు సీదా ఉంటయి. పాత అపార్టుమెంట్ల గోడ ఎత్తుపల్లాలుంటది, కరెంటు పైపులు బయటికే ఉంటయి. పుట్టీ పెట్టి, గీకి, రంగులెయ్యాలంటే ఇల్లంత దుమ్ము, సామానంత బయట. ప్యానెల్ రెండు రోజుల పని, తడిగుడ్డతోని తుడిస్తే చాలు. బిడ్డ ఫంక్షనుకు నలుగురొచ్చినప్పుడు గోడ మంచిగ కనపడాలె అనుకుంటే తప్పేముంది?

కానీ లక్షన్నర ఎట్ల అయితదో నాకు అర్థం కాలె. నా రేటు చెప్త. సీలింగు అడుగుకు 80 రూపాయలు, మీ హాలు 216 అడుగులు, 17,280 అయితది. టీవీ గోడ 12 బై 9, అంటే 108 అడుగులు. అడుగుకు 180 లెక్కన 19,440. రెండు కలిపినా ముప్పై ఏడు వేల లోపే. మిగతా గోడలకు మార్బుల్ షీట్లు వద్దే వద్దు మేడమ్. నాలుగు గోడలు మెరిస్తే ఇల్లు షాపు లెక్క కనపడ్తది. ఒక్క టీవీ గోడ చెయ్యండి, మంచి రంగులేయించండి. కొటేషన్ ఐటం వారీగ రాసియ్యమనండి, ఒక్క మొత్తం చెప్తే ఒప్పుకోకండి.

కాకినాడ_కెరటం
ఆయన రేటు నిజాయితీగా చెప్పారు, సంతోషం. కానీ ఇంకో సంగతి ఉంది. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, ఊపిరి ఆడదు. దేవుడి దీపం దగ్గర, వంటింటి వైపు అది ఉండకూడదు. ఓణీల ఫంక్షన్ అంటే హారతులూ దీపాలూ ఉంటాయి కదా.

టీవీ యూనిట్ దేంతో చేస్తారో కూడా అడగండి. మా ఇంట్లో ఒకాయన ప్లైవుడ్ అని చెప్పి ఎండీఎఫ్‌తో, అంటే చెక్క పీచుని జిగురుతో అదిమి చేసిన పలకతో చేశాడు. ఒక్క వానాకాలానికే అడుగుభాగం ఉబ్బి తలుపు పట్టుకుపోయింది. సముద్రపు గాలికి ఎండీఎఫ్ ఆగదు. మీకు కృష్ణ పక్కనే, మీ దగ్గరా తేమ తక్కువేం కాదు. ప్లైవుడ్ షీటు మీద ఐఎస్ 710 ముద్ర ఉంటే నీళ్లకి తట్టుకునేది, ఐఎస్ 303 మామూలు రకం. కోయకముందే మీ కళ్లతో చూడండి.

మంగళగిరి_నేత
వాణక్కా, తెరల సంగతి నేను చెప్తాను. కిటికీకి సరిపడా చిన్న తెర కడితే గది పొట్టిగా కనిపిస్తుంది. కడ్డీ సీలింగుకి దగ్గరగా బిగించి, కిటికీకి అటూ ఇటూ అర అడుగు ఎక్కువ ఉంచి, తెర నేలదాకా వదలాలి. కుచ్చు నిండుగా రావాలంటే గుడ్డ వెడల్పు రెట్టింపు ఉండాలి.

కడ్డీ వెడల్పు కిటికీకి ఆరు అడుగులు, బాల్కనీ తలుపుకి ఎనిమిది అడుగులు అనుకుంటే మొత్తం పద్నాలుగు అడుగులు. రెట్టింపంటే ఇరవై ఎనిమిది. మా గుడ్డ పన్నా 46 అంగుళాలనుకుంటే ఎనిమిది పన్నాలు, ఒక్కోటి మూడు మీటర్లు, అంటే 24 మీటర్లు. మీటరు రెండొందల యాభై వేసుకున్నా ఆరు వేలు. కుట్టుకూలీ, లోపలి అస్తరు వేరే. మంగళగిరి మీకు పక్కనే, ఒకసారి వచ్చి మగ్గం దగ్గరే చూసుకోండి. మా మంగళగిరి ప్రత్యేకత అయిన నిజాం అంచున్న గుడ్డ కిందికి వదిలితే ఆ అంచే అలంకారం.

ఒక్క మాట. ఇకత్ డిజైను, కలంకారీ డిజైను అచ్చు కొట్టిన పాలిస్టర్ కొనకండి. ఇకత్‌లో నూలుకి ముందే రంగేసి నేస్తారు కాబట్టి డిజైను రెండు వైపులా ఒకలాగే ఉంటుంది, అంచులు కొంచెం మసకబారినట్టుంటాయి. అచ్చుదైతే వెనక వెలిసిపోయి ఉంటుంది. నేసేవాడి కూలీ ఎగ్గొట్టి తెచ్చిన అందం ఇంట్లో ఎందుకు?

అమలాపురం_లక్ష్మి
తమ్ముడూ, ఆ చివరి మాట నాకు నచ్చలేదు. పాలిస్టర్ తెర కొన్నవాళ్లు ఎవరి కూలీ ఎగ్గొట్టారు? మిషన్లో పడేసి ఉతుక్కోవచ్చు, ఎండకి తొందరగా వెలవదు. ఇంట్లో ముసలివాళ్లు, పిల్లలు, ఉద్యోగం అన్నీ ఉన్నవాళ్లకి అది లగ్జరీయే. చేనేత తెర రంగు దిగుతుంది, విడిగా ఉతకాలి, పడమటి ఎండ తగిలితే రెండేళ్లు ఉండదు.

ఈ సలహాలన్నీ చివరికి హోటల్ లాబీకే తీసుకెళ్తాయి. షోకేసు తీసేయ్, బొమ్మలు తీసేయ్, అంతా లేత గోధుమ రంగు చేసేయ్. మా ఇంట్లో కొండపల్లి దశావతారాలు ఉన్నాయి, మా అత్తగారివి. ఇంటికొచ్చినవాళ్లు నిలబడి చూసేది వాటినే.

మంగళగిరి_నేత
అక్కా, పాలిస్టర్ కొనొద్దనలేదు. సాదా పాలిస్టర్ నిక్షేపంగా కొనుక్కోండి. ఇకత్ పేరు చెప్పి అచ్చు గుడ్డ అమ్మడమే నా బాధ. ఎండ సంగతి మీరన్నది నిజం, పడమటి కిటికీకి అస్తరు లేకుండా చేనేత కట్టకూడదు.

సీతమ్మధార_ఆర్కిటెక్ట్
లక్ష్మిగారూ, దశావతారాలు తీయమని ఎవరూ అనరు. వాటి చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పూలు, పాత మెమెంటోలు, ఆగిపోయిన గడియారం తీస్తే అవే కనిపిస్తాయి. పైనుంచి ఒక చిన్న వెచ్చటి లైటు వాటి మీద పడనివ్వండి. కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి కర్ర తేలిక, మెత్తన, కాబట్టి నేరుగా ఎండ, తడి గోడ తగలకుండా ఉంచాలి. కొత్తగా కొనేవాళ్లకి నేను చెప్పేది: నిమ్మలకుంట తోలుబొమ్మల వాళ్లు చేసే ల్యాంప్ షేడ్ ఒక్కటి కొనండి. లైటు వేస్తే తోలు మీది రంగులు గోడంతా పరుచుకుంటాయి. ప్యానెల్ గోడకంటే జనం ముందు దాన్నే చూస్తారు.

బాలానగర్_ప్యానెల్స్
ఇది ఒప్పుకుంట. కానీ ఆ షేడ్ వెనక గోడ పగుళ్లుంటే అవి కూడ కనపడ్తయి సార్. లైటు పక్కనుంచి పడితే గోడల ఉన్న ప్రతి గుంటా తేల్తది. గోడ బాగు చేయకుండా లైట్లు పెట్టుకోమనుడు సగం సలహానే. ప్యానెల్ వద్దంటే పుట్టీకి, మ్యాట్ పెయింటుకు డబ్బు పక్కన పెట్టాలె. మెరిసే పెయింటేస్తే గుంటలు ఇంకా ఎక్కువ కనపడ్తయి.

కృష్ణలంక_వాణి
అందరికీ ధన్యవాదాలు. ఇంటీరియర్ ఆయన్ని ఐటం వారీగా అడిగితే టీవీ యూనిట్ ఎండీఎఫ్ అని ఒప్పుకున్నారు. మార్బుల్ షీట్లు వద్దనుకున్నాం, సీలింగు కూడా. గోడలకి పుట్టీ, మ్యాట్ రంగు. టీవీ గోడ ఒక్కటీ ప్యానెళ్లు వేయిస్తాను, అమ్మాయి అడిగింది, కాదనలేను. తెరలకి మంగళగిరి వస్తాం. బాల్కనీ గోడ చెమ్మ బయటి వానదా, గదిలో తేమా అన్నది మేస్త్రి తేల్చలేకపోతున్నాడు. ఎలా తెలుసుకోవాలి?

సీతమ్మధార_ఆర్కిటెక్ట్
మచ్చ ఉన్న చోట అడుగు చదరపు పాలిథిన్ ముక్క పెట్టి నాలుగు వైపులా గాలి దూరకుండా టేపు వేయండి. ఒక రోజు ఉంచి చూడండి. గోడని ఆనుకున్న వైపు నీటి బొట్లుంటే తడి గోడలోంచి వస్తోంది. అప్పుడు బాల్కనీ బయటి ప్లాస్టరు పగుళ్లు, పై ఫ్లాటు వాళ్ల బాల్కనీ నీళ్లు పోయే గొట్టం వెతకండి. గది వైపు తడి ఉంటే గాలి ఆడక పట్టిన తేమ. ఈ పరీక్ష అయ్యేదాకా ఆ గోడకి పుట్టీ పెట్టనివ్వకండి.