తరుగు లేదా, తిరుగు లేదా? జాషువా గారి పాదం ఒకటి

బ్రాడీపేట:
జాషువా గారి విశ్వనరుడు పద్యం ఆఖరి పాదం ఎవరికైనా గట్టిగా గుర్తుందా? "నిఖిలలోకమెట్లు నిర్ణయించిన నాకు" దాకా వచ్చి తడబడుతున్నా. నా నోటికి "తరుగు లేదు విశ్వనరుడ నేను" అని వస్తోంది, మా పెద్దమ్మేమో "తిరుగు లేదు" అని చదివేది. డిసెంబర్ 10 మానవ హక్కుల దినం కదా, మా చర్చి యూత్ మీటింగ్‌కి ఫ్లెక్సీ వేయిస్తున్నాం, హక్కులు గవర్నమెంట్ ఇచ్చేవి కాదు దేవుడు మనిషిని తన స్వరూపంలో చేసినప్పుడే వచ్చాయి అనేది టాపిక్, ఈ పాదం పెడితే అతికినట్టు ఉంటుందనుకున్నా. షాపతను సాయంత్రంలోగా మేటర్ పంపమన్నాడు.

సత్యనారాయణపురం:
తరుగు. ఇందులో సందేహం దేనికి.

కొత్తపేట:
సందేహం ఎందుకు లేదో కూడా చెప్పండి మరి. ఆటవెలది నాలుగో పాదం, అయిదూ సూర్యగణాలే. తరుగు నగణం, తిరుగూ నగణమే. యతి చూద్దామంటే నాలుగో గణం "నరుడ", త కీ న కీ మామూలు యతి చెల్లదు కాబట్టి ప్రాసయతి వేశారు, అంటే మొదటి అక్షరాలకి బదులు రెండో అక్షరాలు కలపడం, రు కి రు. అది రెండింటికీ ఒకేలా చెల్లుతుంది. ఛందస్సుతో తేలే పని కాదిది.

సత్యనారాయణపురం:
ఛందస్సుతో తేలకపోతే అర్థంతో తేలుతుంది మాస్టారూ. "తిరుగు లేదు" అంటే నాకు ఎదురు లేదని మీసం మెలేయడం, సినిమా పోస్టర్ మాట. ఆయన అక్కడ ఎవరినీ గెలవట్లేదు. మీరు నన్నేమనుకున్నా నాలో తగ్గేదేం లేదు అంటున్నారు, అంతే.

యార్డు బాబాయ్:
నాకు ఛందస్సు రాదు గానీ తరుగు మాత్రం బాగా తెలుసు. మిర్చి యార్డుకి టిక్కీలు, అదే మిరప బస్తాలు, తెస్తే రేటు నిర్ణయించేది కొనేవాడు, తేమ ఉందనో తాలు ఉందనో తరుగు తీసేదీ వాడే, తెచ్చినవాడు నోరు మూసుకుని చూస్తా ఉండాలి. "నిర్ణయించిన" అన్నాక "తరుగు" తప్ప ఇంకో మాట ఎట్టా పడుద్ది? లోకం కాటా పెట్టి నువ్వింతే అన్నా నా తూకం నాదే అని. పల్నాడు మనిషి జాషువాకి ఈ మాట తెలీదంటారా.

కొత్తపేట:
బాగుంది బాబాయ్, ఇంక జాషువా వ్యాఖ్యానాలన్నీ మార్కెట్ కమిటీకి అప్పజెప్పేద్దాం.

గుణదల:
నవ్వకండి, బాబాయ్ గారన్నదే నాకు సరిగ్గా తోస్తోంది. ఆదికాండం మొదటి అధ్యాయం అందరూ చెప్తారు, తొమ్మిదో అధ్యాయం ఎవరూ ఎత్తరు. నరుని రక్తం చిందించకూడదు అని అక్కడ ఉంటుంది, కారణం ఏంటంటే "దేవుడు తన స్వరూపమందు నరుని చేసెను". ఈ మాట ఎప్పుడన్నాడో చూడండి, ఆదాము పడిపోయాక, కయీను తమ్ముణ్ణి చంపాక, జలప్రళయం కూడా అయిపోయాక. మనుషులు ఇంత పాడయ్యాక కూడా స్వరూపం స్వరూపమే, అందుకే ప్రాణం తీయకూడదు. మంచివాడనో, మనవాడనో, పనికొస్తాడనో కాదు. అదే కదా తరుగు లేకపోవడం అంటే! నాలుగో శతాబ్దంలో నిస్సా గ్రెగొరీ అని ఒక బిషప్ ప్రసంగి గ్రంథం మీద చెప్తూ, బానిసల్ని కొనేవాళ్లని నిలదీస్తాడు, దేవుని స్వరూపానికి రేటు ఎంత కట్టావు అని. ఆ రోజుల్లో బానిసత్వాన్నే తప్పన్నవాళ్లు చాలా అరుదు.

బ్రాడీపేట:
అక్కా థాంక్స్, ఇది నా టాక్‌లో వాడుకుంటా. ఇంకోటి, "విశ్వనరుడ" లో నరుడు కూడా "నరుని సృజించెను" లోంచే వచ్చాడని నా అనుమానం. చిన్నప్పటినుంచి బైబిల్ వింటూ పెరిగిన మనిషి కదా, మానవుడు అనకుండా నరుడనే ఎందుకన్నారు?

కొత్తపేట:
మానవుడంటే గణం చెడుతుంది కాబట్టి. "తరుగు" కి జోడీగా ప్రాసయతిలో "రు" కావాలి, నరుడు వచ్చాడు. ఆదికాండం దాకా వెళ్లక్కర్లేదు.

సత్యనారాయణపురం:
అంటే ముందు తరుగు వచ్చి దాని కోసం నరుడొచ్చాడనేగా మీరనేది? చూశారా, మీరే తరుగు అన్నారు.

కొత్తపేట:
ఉదాహరణకి అన్నానండి!!

పటమట:
ఇంతసేపూ చూస్తున్నా, ఆ పద్యంలో దేవుడు ఎక్కడున్నాడో ఒక్కరూ చెప్పలేదు. "కులమతాలు గీచుకున్న గీతలు" అన్నారు, ఆ మతాల్లో మీదీ ఉంది. పంజరంలో ఉండను అన్నాయన్ని తీసుకెళ్లి చర్చి ఫ్లెక్సీ మీద కట్టేస్తారా? ఆయన కూతురు హేమలత గారు ఎవర్ని పెళ్లి చేసుకున్నారో మా పటమటలో అడగండి, నాస్తిక కేంద్రం గోరా గారబ్బాయి లవణం గారిని. 1948 మానవ హక్కుల ప్రకటనలో కూడా మొదటి ఆర్టికల్లో దేవుని స్వరూపం అని పెడదామని బ్రెజిల్ వాళ్లు అడిగారు, పెట్టలేదు. మనుషులంతా పుట్టుకతో స్వేచ్ఛ గలవాళ్లు, సమానులు అని ఆపేశారు. అది చాలదా?

గుణదల:
ఐక్యరాజ్య సమితిలో చాలేమో అండి, నేనూ ఒప్పుకుంటా, నమ్మనివాళ్లు కూడా ఓటెయ్యాలి కదా. కానీ మన ఊళ్లో "పుట్టుకతో" అనే మాట వింటే ఏం గుర్తొస్తుంది? పుట్టుకతోనే కదా తరుగు తీసేది ఇక్కడ! పుట్టుకే ఆధారం అంటే పుట్టుక చూసే కాటా పెట్టేవాళ్లకి ఏం జవాబు చెప్తారు? పుట్టుక కంటే వెనక ఏదో ఒకటి ఉండాలి. దాన్ని మేం దేవుడంటాం.

పటమట:
వెనక ఏదో ఉందని అదే చర్చిలో కులానికో శ్మశానం ఎందుకుంది మరి? పురాణాల మీద పద్యాలు రాస్తాడని జాషువా గారి మీద చర్చి వాళ్లకి కోపం, కులం చూసి అవతలి వాళ్లకి, అంటే అగ్రకులాల పండితులకి, చిరాకు. రెండు వైపులా తరుగు తీసినవాళ్లే. నాకు తెలిసి "విశ్వనరుడ" అన్నది ఆ ఇద్దరికీ జవాబు.

గుణదల:
శ్మశానాల సంగతి నిజం, కాదనను. కానీ అది తప్పు అని ఆ చర్చిలోనే నిలబడి, ఆ బైబిల్నే తెరిచి అనగలుగుతున్నాం కదా.

సత్యనారాయణపురం:
చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారంతటి పండితుడు స్వయంగా ఆయన కాలికి గండపెండేరం, అదే కవిని గౌరవించే కడియం, తొడిగారు, అది కూడా చెప్పండి. అవతలి వాళ్లు అవతలి వాళ్లు అని అందర్నీ ఒక గాటన కట్టేస్తే ఎలా. అసలు నన్నడిగితే జాషువా గారి ఆటవెలదుల కంటే సీస పద్యాలు గొప్పవి, ఆ నడక ఇంకెవరికీ రాలేదు.

కొత్తపేట:
సీసాల్లో ఆయన కంటే శ్రీనాథుడు ఉన్నాడు కదండీ.

సత్యనారాయణపురం:
శ్రీనాథుడి సీసం వేరు, దాని దర్జా వేరు. జాషువా సీసంలో చివర వచ్చే ఎత్తుగీతి కొచ్చేసరికి గుండె పట్టేస్తుంది. పోల్చే విషయం కాదది.

యార్డు బాబాయ్:
ఆ పిల్లాడు ఫ్లెక్సీకి అడిగాడయ్యా, మీరు శ్రీనాథుడి దాకా పోయారు.

బ్రాడీపేట:
పర్లేదు బాబాయ్, షాపతను రెండుసార్లు ఫోన్ చేశాడు, రిస్క్ ఎందుకని ఆ పాదం తీసేశా. పటమట గారన్నదాని గురించి కూడా కాస్త ఆలోచించాలి. బదులుగా యాకోబు 3:9 పంపించా, "దేవుని పోలికగా పుట్టిన మనుష్యులను శపింతుము" అనేది, అది కూడా హక్కుల మాటే, తిట్టే నోటిని కూడా స్వరూపం దగ్గర ఆపుతుంది.

కొత్తపేట:
పోలికగానా? పాత బైబిల్లో "పోలికెగా" కదా, కె. ప్రింట్ అయిపోయిందా?

సత్యనారాయణపురం:
"పోలికె" వాడుక రూపం అండి, శబ్దరత్నాకరం నిఘంటువు తీసి చూడండి.

కొత్తపేట:
చూసే మాట్లాడుతున్నా.