రెంబ్రాంట్ ఆన్స్లో బొమ్మ, వొండెల్ పద్యం: 'స్టెమ్' అంటే కంఠమా, పలుకా?

ప్రశ్న: డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ వేసిన కొర్నెలిస్ ఆన్స్లో చిత్రంపై డచ్ కవి వొండెల్ రాసిన నాలుగు పాదాలకు నా అనువాదం ఇది. సరిచూడండి.
"రెంబ్రాంట్, ఆ మతగురువు కంఠాన్ని గీయుము. కనబడే భాగం అతనిలో అల్పం. కనబడనిది చెవులకే తెలుసు. ఆన్స్లోను చూడాలంటే అతని మాట వినాలి."

జవాబు: ముందు 'మతగురువు' తీసేయండి. మూలంలో ఉన్నది కొర్నెలిస్ అనే పేరే. పైగా మన క్యాథలిక్కులు గురువు అనేది అభిషేకం పొందిన ఫాదర్‌ని. ఆన్స్లో బట్టల వర్తకుడు, మెన్నొనైట్లనే ప్రొటెస్టంటు శాఖలో బోధకుడు. ఇక మీరు 'కంఠం' అన్నచోట మూలంలో ఉన్న డచ్ మాట 'స్టెమ్'. 'కంఠాన్ని గీయుము' అంటే మెడ బొమ్మ వేయమన్నట్టుంది. గొంతు అన్నా అదే చిక్కు. స్వరం అంటే సంగీతం వైపు పోతుంది. 'పలుకు' మేలు.

మరొకరు: 'వాక్యం' అనకూడదా? మన చర్చిల్లో "వాక్యం చెప్పారు" అంటాం కదా.

జవాబు: ఊరిస్తుంది గానీ వద్దు. వాక్యం దేవుడిది, పద్యంలో అడిగింది మనిషి పలుకు. వాక్యాన్ని బొమ్మకే వదిలేయండి. రెంబ్రాంట్ 1641లో వేసిన ఆన్స్లో ఎచింగ్ (రాగిరేకు మీద గీసి తీసిన అచ్చు) చూడండి: బిషప్పుల చిత్రాల్లోలా కిరీటం, దండం, కుచ్చుల టోపీ ఏవీ లేవు, ఉన్నది గ్రంథం. వెనక గోడకు ఖాళీ మేకు, దాన్నుంచి దించిన పటం గోడవైపు తిప్పి పెట్టి ఉంది. బొమ్మ కంటే మాట గొప్పదనే సంకేతంగా దీన్ని చదువుతారు. "వినుట వలన విశ్వాసము కలుగును" (రోమా 10:17) గుర్తుంటే పద్యం తేలిగ్గా విచ్చుకుంటుంది.

ఇక అసలు పొరపాటు చివరి పాదంలో. "అతని మాట వినాలి" అంటే మనకు చెప్పినట్టు నడుచుకోవాలని. "అతన్ని వినాలి" తెలుగే కాదు. డచ్‌లో ఓరెన్ (చెవులు), హోరెన్ (వినడం) అంత్యప్రాస. మనకు అంతకంటే దగ్గరి జంట ఉంది: వీనులు, వినడం. చూపు మాటలన్నీ అక్కడ ఒకే ధాతువువి కాబట్టి ఇక్కడా 'కను' మీదే నడపాలి:

"రెంబ్రాంటూ, కొర్నెలిస్ పలుకు చిత్రించు.
కనవచ్చునది వానిలో కడు కొంచెము,
కనరానిది వీనులకే తెలియు.
ఆన్స్లోను కనగోరువాడు వాని పలుకు వినవలె."

మరొకరు: ఇంకోటి. ఈ ఎచింగ్‌ని 'చెక్కిన చిత్రం' అని రాయకండి. ఉలితో చెక్కితే ఎన్‌గ్రేవింగ్. ఇది రాగిరేకుకు మైనంపూత పూసి, సూదితో గీసి, గీతలను ఆమ్లంతో తినిపించినది. అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయి, అందుకే ఏ చేయి దేన్ని చూపుతోందో అర్థం చెప్పేముందు అది గమనించాలి.