జేసన్ ఉండగా ఎక్స్‌ఎంఎల్ ఇంకా నేర్చుకోవాలా?

కాజీపేట పోరడు:
డిగ్రీ చివరి ఏడాది. ల్యాబ్‌లో ఇంకా ఎక్స్‌ఎంఎల్ (సమాచారాన్ని ట్యాగులనే గుర్తు మాటల మధ్య రాసే పద్ధతి) చెప్తున్నారు. ఒక్క పేరు రాయాలంటే ముందొక ట్యాగు, వెనక మళ్లీ అదే ట్యాగు. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులే 2021లో ఎక్స్‌ఎంఎల్ వదిలి జేసన్‌కు (ట్యాగుల్లేకుండా బ్రాకెట్లు, కామాలతో రాసే పద్ధతి) మారాయి. మేమెందుకు మోయాలి?

ఎనుమాముల లెక్కలు:
తమ్మీ, నేను మార్కెట్ కాడ అడ్తి దుకాణాలకు లెక్కలు రాస్తా. మిర్చి సీజన్‌లో బిల్లులన్నీ లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలోకి చేత్తో కొడితే తెల్లారుతుంది. ఎక్స్‌ఎంఎల్ చేసి ఇంపోర్ట్ కొడితే చాయ్ తాగొచ్చేలోపు అయిపోతుంది. ఇవ్వాళ మాత్రం అవ్వలేదు. ఒక పార్టీ పేరులో 'అండ్' గుర్తు (&) ఉంది, దాని దగ్గర ఫైలు మొత్తం ఆగింది. తప్పు టాలీది కాదు, నా ఫైలుదే. ఏం చేయాలె?

కాజీపేట పోరడు:
చూశారా! జేసన్‌లో ఆ గుర్తుతో గొడవే లేదు. పైగా కొత్త టాలీప్రైమ్ ఎక్సెల్ నుంచే నేరుగా తీసుకుంటుంది అన్నా.

ఎనుమాముల లెక్కలు:
మా సేటు కొత్తది కొంటే కదా.

హన్మకొండ అక్క:
జేసన్‌లో ఒక్క కామా ఎక్కువ పడితే అదీ ఆగుతుంది, ఆ సంగతి వదిలెయ్. నేను పాత పద్యాలు టైపు చేసి ఈపబ్ (ఈ-పుస్తకం) చేస్తా. పాదం మధ్యలో ఒక్క మాటకు ఇంకో ప్రతిలో వేరే పాఠం ఉందనుకో. ఎక్స్‌ఎంఎల్‌లో ఆ మాట చుట్టూ ట్యాగు పెడితే చాలు, పాదం పాదంలాగే ఉంటుంది. జేసన్‌లో అయితే దాన్ని మూడు ముక్కలు నరికి వరుసగా పేర్చాలి. నరికాక చదివి చూడు, పద్యం కనపడదు. ఎక్స్‌ఎంఎల్‌కు తల్లి లాంటి ఎస్‌జీఎంఎల్ 1986లో ప్రమాణమైంది పత్రాల కోసమే. దాన్ని తేలిక చేసి 1998లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఎక్స్‌ఎంఎల్ ఇచ్చింది. ట్యాగు పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు కూడా. నావి <పద్యం>, <పాదం>.

కాజీపేట పోరడు:
పద్యాలకు ఒప్పుకుంటా అక్కా. కానీ ఒక యాప్ ఇంకో యాప్‌కు నాలుగు అంకెలు పంపడానికి ఇంత సరంజామా దండగే.

హన్మకొండ అక్క:
నాలుగు అంకెలకు దండగే, కాదనను. కానీ నీ ప్రాజెక్టు రిపోర్టు వర్డ్ ఫైలు కదా? కాపీ చేసి, ఫైలు పేరు చివర డాక్స్ (docx) తీసి జిప్ (zip) అని పెట్టి తెరువు.

కాజీపేట పోరడు:
తెరిచా. లోపలంతా ఎక్స్‌ఎంఎలే! ఒక్క 'నమస్తే' రాసిన ఫైల్లోనూ ఇంత సరుకా?

ఎనుమాముల లెక్కలు:
మీ చర్చ బాగుంది గానీ, నా గుర్తు సంగతి?

హన్మకొండ అక్క:
ఆ గుర్తు వెంటనే ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ఏ, ఎం, పీ కొట్టి సెమికోలన్ పెట్టు అన్నా. టాలీలో మామూలు గుర్తుగానే కనిపిస్తుంది.

ఎనుమాముల లెక్కలు:
ఎక్కింది. 212 బిల్లులు. ఇంటికి పోతున్నా.