అప్‌డేట్: రోటవేటర్ క్రాస్ ఎందుకు విరుగుతోందో తేలింది

పక్క చెల్క వాళ్ల రోటవేటర్‌కు పీటీఓ షాఫ్ట్ (ట్రాక్టర్ వెనక నుంచి రోటవేటర్‌ను తిప్పే కడ్డీ) క్రాస్, అంటే ఆ కడ్డీ కీలులోని ప్లస్ ఆకారపు ముక్క, మాటిమాటికీ విరుగుతోందని, ఏ రకం వేయాలని ఇంతకుముందు అడిగాను. లోపం క్రాస్‌ది కాదు. గెట్టు కాడ మలుపుకునేటప్పుడు పీటీఓ తిరుగుతుండగానే రోటవేటర్‌ను పూర్తిగా పైకి లేపుతున్నారు. షాఫ్ట్ వంపు 30 డిగ్రీలు దాటితే భారమంతా క్రాస్ మీదే. ఇప్పుడు లిఫ్ట్ లివర్‌కు స్టాపర్ బిగించారు, బ్లేళ్లు నేల విడిచేంత వరకే లేస్తుంది. పైగా షాఫ్ట్‌లోని చౌకం పైపును తిప్పి ఎక్కించడంతో, ఒకే వరుసలో ఉండాల్సిన రెండు చివర్ల యోక్‌లు (క్రాస్‌ను పట్టుకునే కొమ్ముల ముక్కలు) 90 డిగ్రీల తేడాలో ఉన్నాయి. షాఫ్ట్ వణికేది అందుకే. సరిచేశారు. క్రాస్‌కు గ్రీజు 8 గంటల పనికోసారి.

అన్నిటికంటే భయపెట్టింది షియర్ బోల్ట్. ఊరికే తెగుతోందని గట్టి బోల్ట్ వేశారు. అది తెగడానికే పెట్టింది! చెల్కలో రాయి తగిలినప్పుడు తెగకపోతే దెబ్బ గేర్‌బాక్స్ పళ్లకు పోతుంది. కంపెనీ పుస్తకంలో ఉన్న సైజు, గ్రేడే వేయండి.

షాఫ్ట్ మీద ప్లాస్టిక్ కవర్ కూడా లేదు, అది వెంటనే వేయించాలి. నిమిషానికి 540 చుట్లంటే సెకనుకు 9. తువ్వాల కొస చిక్కితే విడిపించుకునే వ్యవధి ఉండదు. ఇంజన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకున్నాకే దాని దగ్గరికి పోవాలి.